వార్తల్లో పక్షపాత మాపనం: చేతిలెక్క నుండి యాంత్రిక ముద్ర దాకా – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

వార్తల్లోని పక్షపాతాన్ని అంకెల్లో నిరూపించాలనే ప్రయత్నానికి సుమారు నూటముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. అమెరికాలో పత్రికల కాలమ్‌లను చేత్తో కొలవడంతో మొదలైన ఈ ప్రయత్నం, నేడు ఆన్‌లైన్ సమూహాల్లో ఎవరైనా ఒక వార్తను పంచుకోగానే దాని పక్కన దానంతటదే చేరే ముద్రగా పరిణమించింది. ఈ పరిణామంలో చోటుచేసుకున్న రెండు మార్పులను ఈ వ్యాసం చర్చిస్తుంది. మొదటిది, వార్తను జరిగిన సంఘటనతో పోల్చే పద్ధతి స్థానంలో రాజకీయ స్థానాలతో పోల్చే పద్ధతి రావడం. రెండవది, పరిశీలనాంశంగా వార్తకు బదులు వార్తాసంస్థ నిలవడం. ఈ రెండు మార్పుల వెలుగులో తెలుగు వార్తలకు ఇటువంటి ఉపకరణాలను అన్వయించేటప్పుడు ఎదురయ్యే సమస్యలను కూడా వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పక్షపాతం, విషయ విశ్లేషణ, వార్తాసంస్థల మూల్యాంకనం, యంత్రాభ్యాసం, ఆన్‌లైన్ సమూహాలు, తెలుగు పత్రికాభాష.

1. ఉపోద్ఘాతం

‘ఆ పత్రిక ఫలానా వారిది’ అనడం పాఠకలోకంలో చిరకాలంగా ఉన్న మాటే. ఆ మాట అన్నవారు తమ అనుభవం మీద ఆధారపడి అంటారు. విన్నవారు అన్నవారెవరో చూసి దాని విలువను నిర్ణయించుకుంటారు. అదే మాటను ఒక కంప్యూటర్ ప్రోగ్రాం అన్నప్పుడు పరిస్థితి మారుతుంది. అన్నవారు కనిపించరు, అంకె మాత్రమే కనిపిస్తుంది. అంకెకు సహజంగానే ఒక నిష్పాక్షికత ఆపాదితమవుతుంది.

ఆన్‌లైన్ చర్చాసమూహాలను నిర్వహించేవారిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు. రోజూ వచ్చిపడే వార్తల లంకెలన్నింటినీ చదివి వడపోయడం వారికి అసాధ్యం. వార్తాసంస్థల జాబితాను ముందే సిద్ధం చేసుకొని, లంకెలోని చిరునామాను బట్టి ‘ఎడమ’, ‘మధ్య’, ‘కుడి’ అనో, ‘విశ్వసనీయం’, ‘అవిశ్వసనీయం’ అనో ముద్ర వేసే ఉపకరణం ఆ అవసరం నుండే పుట్టింది. కనుక ఈ ఉపకరణాలను కేవలం దురుద్దేశంతో పుట్టినవిగా చూడటం సరికాదు. అయితే ఆ ముద్ర వెనుక ఉన్న కొలబద్ద ఎక్కడి నుండి వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం కంప్యూటర్ యుగానికి చాలా ముందే మొదలవుతుంది.

2. కొలబద్దగా సంఘటన: 1893–1920

పత్రికల విషయాన్ని అంకెల్లోకి మార్చిన తొలి ప్రయత్నాల్లో జాన్ గిల్మర్ స్పీడ్ 1893లో ‘ఫోరమ్’ అనే అమెరికన్ పత్రికలో ప్రచురించిన వ్యాసం ప్రసిద్ధమైనది. ఆయన న్యూయార్క్ దినపత్రికల 1881, 1893 నాటి సంచికలను తీసుకొని, ఏ విషయానికి ఎన్ని కాలమ్‌లు కేటాయించారో లెక్కించాడు. మతం, విజ్ఞానం, సాహిత్యం వంటి విషయాలకు చోటు తగ్గి, ఊసుపోక కబుర్లకూ క్రీడలకూ అపవాదులకూ చోటు పెరిగిందని చూపాడు. ఇక్కడ కొలిచింది పక్షపాతాన్ని కాకపోయినా, పత్రిక మీద చేసే ఆరోపణకు లెక్క ఆధారం కావాలన్న భావన దీనితో బలపడింది.

పక్షపాత మాపనానికి నిజమైన పునాది 1920లో పడింది. వాల్టర్ లిప్‌మన్, చార్లెస్ మెర్జ్ కలిసి చేసిన ‘ఎ టెస్ట్ ఆఫ్ ది న్యూస్’ అనే అధ్యయనం ఆ సంవత్సరం ఆగస్టు 4న ‘న్యూ రిపబ్లిక్’ పత్రికకు అనుబంధంగా వెలువడింది. రష్యా విప్లవాన్ని గురించి 1917 మార్చి నుండి 1920 మార్చి వరకు ‘న్యూయార్క్ టైమ్స్’ ప్రచురించిన వార్తలను, వెయ్యికి పైగా సంచికల్లో వారు పరిశీలించారు.

ఈ అధ్యయనపు ప్రత్యేకత అది ఎంచుకున్న కొలబద్దలో ఉంది. విప్లవం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి రచయితలు పోలేదు. ఏ పక్షమూ కాదనలేని కొన్ని సంఘటనలను మాత్రమే ప్రమాణంగా తీసుకున్నారు. 1917 జులైలో రష్యన్ సైనికదాడి విఫలమైంది. నవంబరులో తాత్కాలిక ప్రభుత్వం కూలింది. 1918 మార్చిలో జర్మనీతో బ్రెస్ట్-లిటోవ్‌స్క్ సంధి జరిగింది. కోల్చాక్, డెనికిన్, యుడెనిచ్ సేనల దండయాత్రలు ఓడిపోయాయి. 1920 మార్చి నాటికి సోవియట్ ప్రభుత్వం నిలిచే ఉంది. ఈ సంఘటనలకు దారితీసిన పరిస్థితులను పాఠకుడు పత్రిక ద్వారా ముందుగా గ్రహించగలిగాడా అన్నదే వారి ప్రశ్న. రెండేళ్ల వ్యవధిలో బోల్షెవిక్ ప్రభుత్వం కూలిందనో, కూలబోతున్నదనో పత్రిక 91 సార్లు రాసిందని వారు లెక్క తేల్చారు.

ఇంత తీవ్రమైన ఫలితం వచ్చినా వారు పత్రిక మీద కుట్రను ఆరోపించలేదు. విలేకరుల, సంపాదకుల మనసుల్లోని ఆశలూ భయాలే వార్తను వంచాయని భావించారు. అధ్యయనకర్తల్లో ఒకరైన మెర్జ్ 1938లో అదే ‘న్యూయార్క్ టైమ్స్’ సంపాదకీయ పుటకు సంపాదకుడు కావడం గమనార్హం. పద్ధతి పారదర్శకంగా ఉన్నప్పుడు విమర్శ శత్రుత్వంగా మారనవసరం లేదనడానికి దీనిని ఒక సూచనగా తీసుకోవచ్చు.

అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. సంఘటన ముగిసి, దాని ఫలితం నిర్వివాదంగా తేలిన తరువాతనే ఇటువంటి పరీక్ష సాధ్యం. నేటి వార్తను నేడే తూచవలసిన వారికి ఇది ఉపకరించదు. తరువాతి కాలపు మార్పులన్నీ ఈ ఇబ్బందిని దాటే ప్రయత్నంలో వచ్చినవే.

3. సంఘటన స్థానంలో పోలిక: యుద్ధకాలం

రెండవ ప్రపంచయుద్ధకాలంలో హెరాల్డ్ లాస్‌వెల్ నాయకత్వాన అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో యుద్ధకాల ప్రచారాన్ని అధ్యయనం చేసే ప్రయోగవిభాగం పనిచేసింది. విషయ విశ్లేషణకు నిర్దిష్టమైన సాంకేతిక రూపం ఇక్కడ ఏర్పడింది. ఒక రచనలో అనుకూల, ప్రతికూల, తటస్థ వాక్యాలను లెక్కించి ఒకే అంకెగా చెప్పే ‘అసమతౌల్య గుణకాన్ని’ జేనిస్, ఫాడ్నర్ 1943లో ప్రతిపాదించారు. నేటి మూల్యాంకన ఉపకరణాల అంకెలకు ఇది పూర్వరూపమని చెప్పవచ్చు.

ఈ లెక్కలు న్యాయస్థానం దాకా వెళ్లాయి. నాజీ అనుకూల రచనలు చేసిన విలియం డడ్లీ పెల్లీ మీద 1942లో ఇండియానాపొలిస్‌లో జరిగిన రాజద్రోహ విచారణలో లాస్‌వెల్ నిపుణుడిగా సాక్ష్యమిచ్చాడు. జర్మన్ ప్రచారంలోని పద్నాలుగు ప్రధానాంశాలను గుర్తించి, పెల్లీ ప్రచురణల్లోని వాక్యాలను వాటితో పోల్చి చూపాడు. 1,195 వాక్యాలు ఆ అంశాలతో ఏకీభవిస్తున్నాయనీ, 45 మాత్రమే విభేదిస్తున్నాయనీ ఆ లెక్క తేల్చింది. పెల్లీకి పదిహేనేళ్ల కారాగారశిక్ష పడింది.

పెల్లీ భావాలు గర్హనీయమైనవన్న విషయంలో సందేహం లేదు. మాపన చరిత్ర దృష్ట్యా మాత్రం ఇక్కడ జరిగిన మార్పును ప్రత్యేకంగా గుర్తించాలి. లిప్‌మన్, మెర్జ్ వార్తను జరిగినదానితో పోల్చారు. లాస్‌వెల్ రచనను మరొకరి మాటలతో పోల్చాడు. ఒక వాక్యం నిజమా అన్న ప్రశ్నకు బదులు, అది ఎవరి మాటను పోలి ఉందన్న ప్రశ్న ముందుకు వచ్చింది. రెండవ ప్రశ్నకు సమాధానం వెంటనే దొరుకుతుంది. ఫలితం తేలేవరకు వేచి ఉండనక్కరలేదు. ఆ సౌలభ్యమే దానికి దీర్ఘాయువునిచ్చింది.

4. కొలిచేవారి సమస్య

బెర్నార్డ్ బెరెల్సన్ 1952లో ప్రచురించిన గ్రంథం విషయ విశ్లేషణను వస్తునిష్ఠమైన, క్రమబద్ధమైన, పరిమాణాత్మకమైన వర్ణనగా నిర్వచించింది. అయితే లెక్కించేవారు మనుషులు కనుక, ఒకే వాక్యాన్ని ఇద్దరు రెండు రకాలుగా వర్గీకరించే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. వర్గీకర్తల మధ్య ఏకీభావాన్ని కొలిచే సూత్రాన్ని విలియం స్కాట్ 1955లో ప్రతిపాదించాడు. ఆ తరువాతి దశాబ్దంలో హార్వర్డ్‌లో ఫిలిప్ స్టోన్ బృందం ‘జనరల్ ఇంక్వైరర్’ అనే కంప్యూటర్ వ్యవస్థను రూపొందించింది. ముందే వర్గాలుగా విభజించిన పదకోశం సహాయంతో అది పాఠంలోని పదాలను లెక్కించేది.

యంత్రం వల్ల ఒక సమస్య తీరింది. అదే నియమాన్ని ఎన్నిసార్లు వర్తింపజేసినా అదే ఫలితం వస్తుంది. కానీ పునరావృత్తిలో స్థిరత్వం వేరు, కొలత యథార్థత వేరు. పదకోశంలో ఏ పదాన్ని ఏ వర్గంలో చేర్చాలో నిర్ణయించినవారి దృష్టి ఆ స్థిరత్వం వెనుక అలాగే మిగిలి ఉంటుంది.

ఈ భేదాన్ని 1970ల నాటి ఒక వివాదం స్పష్టం చేస్తుంది. 1968 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో మూడు అమెరికన్ టెలివిజన్ సంస్థల వార్తల్లో అభ్యర్థులకు అనుకూలంగా, ప్రతికూలంగా పలికిన పదాలను లెక్కించి ఎడిత్ ఎఫ్రాన్ 1971లో ‘ది న్యూస్ ట్విస్టర్స్’ అనే గ్రంథాన్ని వెలువరించింది. ఆ వార్తలు నిక్సన్‌కు తీవ్రంగా వ్యతిరేకమని ఆమె నిర్ధారణ. 1973లో రాబర్ట్ స్టీవెన్సన్ బృందం ఆమె పరిశీలించిన వార్తల్లో ఒక సంస్థకు చెందిన భాగాన్ని మళ్లీ లెక్కించగా ఆ నిర్ధారణకు ఆధారం లభించలేదు. వార్తలు అవే, ఏ వాక్యాన్ని ‘వ్యతిరేకం’గా భావించాలన్న నిర్ణయం మారేసరికి ఫలితం మారింది.

1985లో వలోన్, రాస్, లెపర్ ప్రచురించిన ప్రయోగం దీనికి మనోవైజ్ఞానిక కారణాన్ని చూపింది. 1982 నాటి బీరుట్ మారణకాండకు సంబంధించిన ఒకే టెలివిజన్ వార్తలను ఇజ్రాయెల్ అనుకూలురకూ అరబ్ అనుకూలురకూ చూపించినప్పుడు, ఇరుపక్షాలవారూ అవి తమకు వ్యతిరేకంగా ఉన్నాయనే భావించారు. పక్షం ఉన్న పాఠకుడికి మధ్యస్థత కూడా ఎదుటిపక్షంగా కనిపిస్తుందన్నమాట.

5. మధ్యబిందువు నిర్మాణం

పాఠకుల అభిప్రాయం మీద ఆధారపడకుండా ‘మధ్య’ను నిర్ణయించే ప్రయత్నాలు 2000 తరువాత ఆర్థికశాస్త్రంలో వచ్చాయి. గ్రోస్‌క్లోజ్, మిల్యో 2005లో ప్రచురించిన అధ్యయనం, వార్తాసంస్థలు ఏ విధానపరిశోధన సంస్థలను ఎన్నిసార్లు ఉటంకిస్తున్నాయో లెక్కించి, అమెరికన్ కాంగ్రెస్ సభ్యుల ఉటంకింపులతో పోల్చింది. పరిశీలించిన 20 సంస్థల్లో అత్యధికం సగటు కాంగ్రెస్ సభ్యునికి ఎడమవైపున ఉన్నాయని తేల్చింది. సంప్రదాయవాద సంపాదకీయాలకు పేరొందిన ‘వాల్ స్ట్రీట్ జర్నల్’ వార్తాపుటలు ఈ కొలమానంలో అందరికన్నా ఎడమన నిలవడం విమర్శకు గురైంది.

జెంట్‌స్కో, షపీరో 2010లో ప్రచురించిన అధ్యయనం పదబంధాల మీద ఆధారపడింది. మరణించినవారి ఆస్తి మీద విధించే పన్నును అమెరికాలో రిపబ్లికన్లు ‘మరణపన్ను’ అంటారు. డెమొక్రాట్లు ‘ఎస్టేటు పన్ను’ అంటారు. ఇటువంటి పదబంధాలను 2005 నాటి కాంగ్రెస్ చర్చల నుండి యాంత్రికంగా సేకరించి, నాలుగు వందలకు పైగా దినపత్రికల్లో వెతికారు. పత్రికల మొగ్గును యజమానుల అభిప్రాయాలకన్నా స్థానిక పాఠకుల అభిరుచే ఎక్కువగా నిర్ణయిస్తున్నదని వారి ప్రధాన ప్రతిపాదన.

ఈ రెండు అధ్యయనాలూ తమ కొలబద్దను దాచలేదు. వాటి ‘మధ్య’ ఒక దేశపు శాసనసభలో, ఒక నిర్దిష్ట కాలంలో, రెండు పార్టీల నడుమ ఉన్న బిందువు. ఆ పార్టీలు కదిలితే ఆ బిందువూ కదులుతుంది. వార్తలో మార్పు లేకపోయినా ఎడమది కుడి కావచ్చు, కుడిది ఎడమ కావచ్చు.

6. వార్త నుండి వార్తాసంస్థకు

2012లో ఆల్‌సైడ్స్, 2015లో మీడియా బయాస్/ఫ్యాక్ట్ చెక్, 2018లో న్యూస్‌గార్డ్ వంటి మూల్యాంకన సేవలు మొదలయ్యాయి. వీటి పద్ధతులు ఒకటి కావు. మొదటి రెండూ సంస్థలను ఎడమ-కుడి అక్షం మీద నిలుపుతాయి. రెండవది దానికి తోడు వాస్తవనిష్ఠను విడిగా సూచిస్తుంది. న్యూస్‌గార్డ్ రాజకీయ మొగ్గును కొలవదు; తప్పులను సవరిస్తున్నారా, యాజమాన్యాన్ని వెల్లడిస్తున్నారా వంటి తొమ్మిది ప్రమాణాలతో నూటికి మార్కులు వేస్తుంది. మూడింటిలోనూ తీర్పు మనుషులదే. అయితే తీర్పు అందేది మాత్రం ప్రధానంగా వార్తాసంస్థ పేరు మీద.

2018లో రామీ బాలీ, ప్రెస్లావ్ నకోవ్ మొదలైనవారు ఈ తీర్పునే యంత్రానికి నేర్పే ప్రయత్నం చేశారు. 1,066 వార్తా వెబ్‌సైట్లకు మీడియా బయాస్/ఫ్యాక్ట్ చెక్ ఇచ్చిన వర్గాలను ప్రమాణంగా తీసుకొని, వ్యాసాలు, వికీపీడియా పుట, ట్విటర్ ఖాతా, వెబ్ చిరునామా నిర్మాణం వంటి లక్షణాల నుండి ఆ వర్గాన్ని ఊహించేలా యంత్రానికి శిక్షణ ఇచ్చారు. ఇక్కడ యంత్రం నేర్చుకున్నది మనుషులు ముందే ఇచ్చిన తీర్పును పునరుత్పత్తి చేయడమే.

అదే పరిశోధకుల్లో కొందరు 2020లో చేసిన మరో అధ్యయనం ఇంకా కీలకమైనది. వ్యాసాల స్థాయిలో మొగ్గును గుర్తించడానికి 34,737 వ్యాసాలతో శిక్షణ ఇచ్చినప్పుడు, యంత్రం మొగ్గును గుర్తించడానికి బదులు ఆ వ్యాసం ఏ సంస్థదో గుర్తించడం నేర్చుకుంటుందని వారు గమనించారు. శిక్షణలో లేని సంస్థ వ్యాసాలను ఇచ్చినప్పుడు దాని సామర్థ్యం బాగా పడిపోయింది. దానిని నివారించడానికి ప్రత్యేక పద్ధతులను వారు రూపొందించవలసి వచ్చింది. ‘ఎవరు రాశారు’ అన్నది ‘ఏమి రాశారు’ అన్నదాని స్థానాన్ని ఆక్రమించే ప్రమాదానికి ఇంతకన్నా స్పష్టమైన ప్రయోగసాక్ష్యం అరుదు.

వార్తాసంస్థ స్థాయి ముద్రలన్నీ నిరర్థకమని దీని అర్థం కాదు. ఆరు మూల్యాంకన జాబితాలను పోల్చి 2023లో హాజ్ లిన్ బృందం ప్రచురించిన అధ్యయనం, వార్తాసైట్ల నాణ్యత విషయంలో ఆ జాబితాలు చాలావరకు ఏకీభవిస్తున్నాయని చూపింది. కల్పిత వార్తలు ప్రచురించే సైట్లను వేరుచేయడానికి ఈ ఏకీభావం ఉపయోగపడుతుంది. నాణ్యత గురించిన ఏకీభావాన్ని మొగ్గు గురించిన ఏకీభావంగా భావించడం మాత్రం పొరపాటు.

7. ఆన్‌లైన్ సమూహాలు: రెండు ఉదాహరణలు

ఆంగ్ల వికీపీడియా 2017 ఫిబ్రవరిలో బ్రిటిష్ పత్రిక ‘డైలీ మెయిల్’ను సాధారణంగా విశ్వసనీయం కాని ఆధారంగా నిర్ణయించింది. అటువంటి ఆధారాలను ఎవరైనా చేర్చబోతే హెచ్చరించే యాంత్రిక వడపోతలు అక్కడ ఉన్నాయి. అయితే హెచ్చరికకు మూలమైన నిర్ణయం బహిరంగ చర్చలో జరిగింది. ఆ వాదోపవాదాలు నేటికీ చదవడానికి అందుబాటులో ఉన్నాయి. దానిని తిరిగి చర్చకు పెట్టవచ్చు. యంత్రం అమలు చేస్తుంది, సమూహం తీర్పు చెబుతుంది.

2021 జనవరిలో ‘బర్డ్‌వాచ్’ పేరుతో ట్విటర్ ప్రారంభించి, తరువాత ‘కమ్యూనిటీ నోట్స్’గా మార్చిన వ్యవస్థ మరో మార్గాన్ని ఎంచుకుంది. ఇక్కడ వ్యాఖ్య చేరేది ఒక నిర్దిష్టమైన పోస్టుకు, సంస్థకు కాదు. సాధారణంగా విభేదించుకునే వర్గాలవారు కూడా ఉపయోగకరమని భావించిన వ్యాఖ్యనే గణనపద్ధతి బయటకు చూపిస్తుంది. పరిశీలనాంశం తిరిగి వార్త స్థాయికి రావడం దీని ప్రయోజనం. తీవ్రంగా చీలిపోయిన విషయాల్లో ఏకీభావం కుదరక, అవసరమైన వ్యాఖ్య వెలుగు చూడకపోవడం దీని పరిమితి.

ఈ సందర్భంలో పెనీకుక్, రాండ్ 2019లో ప్రచురించిన ఫలితం ఒకటి చిన్నభాషల పత్రికలకు వర్తిస్తుంది. సామాన్య పాఠకులు వార్తాసంస్థల నాణ్యతను సమష్టిగా చాలావరకు సరిగానే అంచనా వేయగలరు. కానీ తమకు పరిచయం లేని సంస్థలను నమ్మరు. అపరిచితత్వమే అవిశ్వసనీయతగా లెక్కలోకి ఎక్కుతుంది.

8. తెలుగు సందర్భం

పై కొలమానాలను తెలుగు వార్తలకు యథాతథంగా అన్వయిస్తే మొదటి చిక్కు అక్షం దగ్గరే వస్తుంది. ‘విశాలాంధ్ర’, ‘ప్రజాశక్తి’ వంటి వామపక్ష పత్రికలను ఎడమ-కుడి అక్షం మీద నిలపడం సులభం. కానీ 2009–2014 మధ్య తెలుగు వార్తల్లో ప్రధాన విభజనరేఖ ప్రాంతానిది. జూన్ 2ను ‘రాష్ట్ర ఆవిర్భావం’ అనడం, ‘రాష్ట్ర విభజన’ అనడం; ఒకే ఉద్యమాన్ని ‘ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం’ అనడం, ‘వేర్పాటువాదం’ అనడం—ఇవి ‘మరణపన్ను’, ‘ఎస్టేటు పన్ను’ వంటి జంటలే. ఎడమ-కుడి కొలబద్ద వీటిని చూడలేదు.

రెండవ చిక్కు భాషానిర్మాణంలో ఉంది. తెలుగులో వైఖరి నామపదాల్లోకన్నా క్రియాంతాల్లో ఎక్కువగా వ్యక్తమవుతుంది. ‘మంత్రి తెలిపారు’, ‘మంత్రి చెప్పుకొచ్చారు’, ‘మంత్రి సెలవిచ్చారు’ అన్న మూడు వాక్యాల్లో విషయం ఒకటే. రెండవదానిలో అపనమ్మకం, మూడవదానిలో ఎత్తిపొడుపు ఉన్నాయి. ‘అట’ అన్న ఒక్క పదం వాక్యం మొత్తాన్ని సందేహంలోకి నెడుతుంది. ‘అన్నారు’ను ‘అన్నాడు’గా మార్చడంతోనే ఒక వ్యక్తి గౌరవస్థానం నుండి నిందితస్థానానికి జారవచ్చు. అలాగని ఏకవచనమంతా అగౌరవం కాదు; క్రీడాపుటలో శతకం చేసిన ఆటగాడు కూడా ‘చేశాడు’ అనే రాస్తారు. ఏకవచనాన్ని ప్రతికూలాంశంగా లెక్కించే యంత్రం ప్రతి క్రీడాపుటనూ ద్వేషపూరితమని తేల్చగలదు. వార్తను ఆంగ్లంలోకి అనువదించి పరీక్షిస్తే ఈ భేదాలన్నీ అనువాదంలోనే మాయమవుతాయి.

మూడవది పరిశీలనాంశ సమస్య. తెలుగు దినపత్రికల్లో ప్రధాన సంచిక, జిల్లా పుటలు, సాహిత్య అనుబంధాలు భిన్నమైన చేతుల్లో, భిన్నమైన అవసరాలతో రూపొందుతాయి. రాజధాని వార్తలో కనిపించే మొగ్గు మండల విలేకరి రాసిన తాగునీటి ఎద్దడి వార్తలో ఉండకపోవచ్చు. సంస్థ పేరు మీద ఒకే ముద్ర పడితే, ఆ తాగునీటి వార్తను కూడా ‘ఆ పక్షం మాట’గా తోసిపుచ్చే వీలు కలుగుతుంది. అప్పుడు నష్టపోయేది పత్రిక మాత్రమే కాదు, నీళ్లు లేని ఆ గ్రామం కూడా.

9. ముగింపు

• పక్షపాత మాపనంలో యంత్రం తగ్గించింది లెక్కించే శ్రమను. ఏది మధ్య, ఏది ప్రతికూలం అన్న నిర్ణయం 1920లోనూ నేడూ మనుషులదే.

• సంఘటనతో పోల్చే పద్ధతి ఆలస్యమైనది. స్థానాలతో పోల్చే పద్ధతి వేగమైనది. వేగం కోసం సత్యాసత్యాల ప్రశ్నను పక్కన పెట్టవలసి వచ్చింది.

• సంస్థ స్థాయి ముద్ర కల్పిత వార్తల సైట్లను గుర్తించడానికి పనికివస్తుంది. ఒక నిర్దిష్టమైన వార్తలోని మొగ్గును నిరూపించడానికి అది చాలదు.

• సమూహాల్లో ఇటువంటి ఉపకరణాన్ని వాడేటప్పుడు తీర్పుకు ఆధారాలు బహిరంగంగా ఉండటం, పునఃపరిశీలనకు అవకాశం ఉండటం కనీస నియమాలు.

• తెలుగు వార్తలకు ఇటువంటి కొలమానాన్ని నిర్మించాలంటే వైఖరిని తెలిపే క్రియాపదాలు, గౌరవవాచక భేదాలు, ప్రాంతీయ పదబంధాల జంటలు – వీటి సేకరణతో పని మొదలుకావాలి. ఇది కంప్యూటర్ నిపుణులతో పాటు భాషాశాస్త్ర, పత్రికారచన శాఖల పరిశోధకులు కలిసి చేయవలసిన పని.

లిప్‌మన్, మెర్జ్ మూడేళ్ల వార్తలను చదివిన తరువాతే తీర్పు చెప్పారు. చదవకముందే తీర్పు చేతికి అందుతున్న కాలంలో, ఆ అధ్యయనం ఫలితంకన్నా దాని క్రమమే నేటి పరిశోధకులకు ఎక్కువ ఉపయోగకరం.